తొక్కు, పట్టు, వదులు

జమ్మలమడుగు,
4-10-2005

చెల్లెలు జ్ఞానమణికి అన్న బాలస్వామి రాయడమేమంటే,

నీ కార్డు అందింది. నవంబరు పద్నాలుగున కర్నూలులో నీ కుడి కంటికి ఆపరేషను అని తెలిసింది. పదమూడు సాయంత్రానికి నా బండి కడపలో నీ వాకిలి ముందు ఉంటుంది. నేనే తోలుకొస్తాను, నేనే నిన్ను కర్నూలు తీసుకుపోతాను. ఇందులో నువ్వు ఆలోచించేది ఏమీ లేదు.

ఫోను చెయ్యకుండా జాబు ఎందుకు రాస్తావని మళ్లీ అడగొద్దు. ఫోనులో నువ్వు టీచరమ్మవు అయిపోతావు. నేను నోరు తెరిచేలోపల పాఠం ముగించేస్తావు. కాగితం మీద అయితే నా మాటకు అడ్డం రాలేవు.

బండి గురించి ఒక సంగతి. మొన్న పెన్న వంతెన దగ్గర బ్రేకు తొక్కితే బండి ఎడమకు లాగింది. దిగి చూస్తే ఎడమ ముందు చక్రం పొయ్యి మీద పెనం మాదిరి కాలుతోంది. గ్యారేజీకి తీసుకుపోయినాను. అక్కడి మనిషి వంగి కూడా చూడలేదు. ‘క్యాలిపర్లు పట్టేసినాయి తాతా, రెండూ కొత్తవి ఎయ్యాల. నువ్వు పోయి నీడకు కూర్చో పో’ అన్నాడు. మిషన్ ఆసుపత్రి జీపు ఇరవై ఎనిమిదేళ్లు తోలినాను, ఏ బండి దగ్గరా నీడకు కూర్చోలేదు. తిప్పి ఇంటికి తెచ్చేసినాను.

క్యాలిపర్ అంటే నీకు తెలియదేమో. చక్రంతో పాటు ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది. దాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప పిడికిలి అది. కాలు తొక్కితే ఆయిలు తోసుకొచ్చి పిడికిలి బిగుస్తుంది. కాలు తీస్తే వదలాలి. నా బండిలో అది వదలడం లేదు. విప్పి, తుప్పు తీసి, రబ్బర్లు మార్చి, ఎక్కించి, పైపుల్లో చేరిన గాలి బయటికి తీసేస్తే అయిపోయింది. మూడు రోజుల పని. ఇంటి ముందరే చేస్తాను.

అరవై రెండులో నువ్వు ట్రైనింగు సెలవులకు వచ్చి నాకు పలక మీద అక్షరాలు దిద్దించినావు. దాంతోనే నాకు లైసెన్సు వచ్చింది. నిన్ను ఆసుపత్రికి తీసుకుపోయేది ఎప్పుడైనా నేనే అని ఆ రోజే చెప్పినాను. నీ కాన్పుకు తీసుకుపోయినాను. మీ ఆయన ఆఖరి రోజున తీసుకుపోయినాను. ఇప్పుడూ అంతే.

రాహేలమ్మ నీకు శనక్కాయల పొడి కట్టి పెట్టింది.

నీ అన్న
బాలస్వామి


కడప,
9-10-2005

అన్నకు, వదినకు వందనాలు.

నీ జాబును భూతద్దం పెట్టుకుని చదివాను. ఎడమ కన్ను ఇప్పటికి పర్వాలేదు, దాని ఆపరేషను తర్వాత అన్నారు. కుడి కంటికి నువ్వు రాసిన గీతలన్నీ చీమల బారులాగా కనిపిస్తున్నాయి.

అన్నా, నీకు డెబ్బై రెండు. పోయిన నెల ఇక్కడికి వచ్చినప్పుడు చర్చి మెట్టు కనపడక తూలింది నేను కాదు, నువ్వు. కర్నూలు నుంచి హెన్రీ తన కారు తెస్తానంటున్నాడు. కొత్త కారు, వాడు మెల్లగానే నడుపుతాడు. వాడి కారులో పోతే నీకేం చిన్నతనం? కన్నకొడుకు తల్లిని ఆసుపత్రికి తీసుకుపోవడం తప్పా?

సరే, నువ్వు వినవు. కాబట్టి ఒక షరతు పెడుతున్నాను. బ్రేకు నిజంగా బాగైతేనే నీ బండి ఎక్కుతాను. ‘బాగైంది’ అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోను. ఏం విప్పావో, ఎట్లా పెట్టావో, గాలి ఎట్లా తీశావో వరసగా రాయి. ముప్పై ఏళ్లు సామాన్యశాస్త్రం చెప్పిన దాన్ని, నాకు అర్థమవుతుంది. అర్థం కాకపోతే హెన్రీ కారే.

పొడి కడప మనుషులతో పంపొద్దు. పోయినసారి సగమే చేరింది.

చెల్లెలు
జ్ఞానమణి


జమ్మలమడుగు,
20-10-2005

షరతులు పెట్టే చెల్లెలికి,

వరసగా రాయమన్నావు. రాస్తాను. రెండు రోజులు పట్టింది ఈ జాబుకు, పెన్సిలు రెండుసార్లు చెక్కినాను.

ముందు చక్రాలు రెండూ తీసి బండిని రాళ్ల మీద నిలబెట్టినాను. స్టూలు వేసుకుని కూర్చుని వెనక ఉన్న రెండు బోల్టులు విప్పితే పిడికిలి చేతికి వచ్చింది. రబ్బరు పైపుకు వేలాడనియ్యకూడదు, పైపు చీలుతుంది. అందుకని తీగతో పైకి కట్టి, ఆ తర్వాత పైపు తీసినాను. గాలి తీసే మర ఒకటి ఉంటుంది, నిపిల్ అంటారు. అది నా మొహం ముందరే ఉండేది. ఆవగింజంత మర, అయినా కష్టపడలేదు.

గ్యారేజీలో అయితే సామాను కిరోసిన్లో ముంచుతారు. కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. నేను బ్రేకు ఆయిలుతోనే కడిగినాను. లోపల తుప్పు నువ్వు చూసుంటే ఆ గ్యారేజీ మనిషిని నువ్వే తిట్టేదానివి. కొత్తవి వెయ్యాల్సిన పనే లేదు. తుడిచి, కొత్త రబ్బర్లు వేసి, వరండాలో గోనెపట్ట మీద ఎడమది ఎడమకు, కుడిది కుడికి పెట్టినాను. ‘ఏదన్నా గుర్తు పెట్టుకో’ అనింది రాహేలమ్మ. నాకు గుర్తెందుకు? జీపుకు నాలుగు చక్రాల బ్రేకులు ఎన్నిసార్లు విప్పినానో నాకే లెక్క లేదు. జీపుకు డ్రమ్ములు, దీనికి పళ్లెం. అంతే తేడా.

శనివారం సాయంత్రం మా ఇంట్లో కూడిక. ఇరవై మంది వచ్చినారు. రాహేలమ్మ నా సామాను అంతా ఎత్తి లోపల పెట్టి వరండా నిండా చాపలు పరిచింది. పాటలు అయినాయి, ప్రార్థన అయింది, ఉప్మా అయింది. నేను సంఘపెద్దను బస్సు ఎక్కించి వచ్చేసరికి చాపలు చుట్టేసి, గోనెపట్ట మళ్లీ పరిచి, సామాను ఎట్లా ఉన్నింది అట్లనే పెట్టేసింది. ఆదివారం ఇనుము ముట్టలేదు. సోమవారం ఎక్కించినాను.

ఇప్పుడు గాలి తీసే పని. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని తొక్కాలి, ఒకరు బయట నిపిల్ తిప్పాలి. నిపిల్‌కు పాత సెలైను పైపు తగిలించి దాని కొనను ఆయిలు సీసాలో ముంచినాను. నేను ‘తొక్కు’ అంటే రాహేలమ్మ తొక్కాలి. ‘పట్టు’ అంటే కాలు ఎత్తకుండా ఉండాలి. నేను నిపిల్ వదులు చేస్తే గాలి బుడగలు సీసాలోకి పోతాయి. మళ్లీ బిగించి ‘వదులు’ అంటే కాలు తియ్యాలి. ముందే తీస్తే బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది. నిపిల్‌కు స్పానర్ పెట్టడానికి ఈసారి నేల మీద వెల్లకిల పడుకోవాల్సి వచ్చింది. వయసు అనుకోవద్దు. జాకీ దిగింది.

డెబ్బైసార్లు తొక్కించినాను. సీసా నిండింది. కాలు పెడితే మాత్రం బ్రేకు తడిసిన దూది మాదిరి దిగిపోతోంది. తప్పు ఎవరిదో చెప్పక్కరలేదు. రాహేలమ్మ తొక్కుతూ పాట ఎత్తుకుంటుంది. చరణం అయిపోతే కాలు తీసేస్తుంది, నేను ‘వదులు’ అనేదాకా ఆగదు. ఆ మాట అంటే దిగి వచ్చి, ‘నీ బ్రేకు నువ్వే తొక్కుకోపో’ అని శనక్కాయలు వలుచుకుంటా కూర్చుంది. మూడు రోజులైంది. అన్నం పెడతాంది, మాట లేదు.

బ్రేకు బాగవుతుంది. షరతు వెనక్కి తీసుకో.

బాలస్వామి


కడప,
27-10-2005

అన్నకు,

వదిన మీద తప్పు వేయడానికి నీకు నోరెట్లా వచ్చింది? నలభై ఏడేళ్లు నీ మాటకు ‘పట్టు’ అంటే పట్టి, ‘వదులు’ అంటే వదిలింది ఆమె. పాట పాడుతూ నలుగురు పిల్లలకు స్నానాలు చేయించి, పొయ్యి మీద పాలు పొంగకుండా చూసిన మనిషి. పాట వల్ల ఆమె కాలు తప్పదు. ముందు ఆమెను బతిమాలుకో.

నిన్న బస్సులో కండక్టరు ఓబన్న కనిపించాడు. ‘మీ అన్న బండికి చక్రాలు లేవమ్మా, రాళ్ల మీద ఉండాది. యాడైనా గుద్దినాడేమో’ అన్నాడు. నీ జాబు గుర్తు తెచ్చుకుని సర్దుకున్నాను.

ఈ ఆదివారం హెన్రీని నీ దగ్గరికి పంపుతున్నాను. వదిన తొక్కనంటే వాడు తొక్కుతాడు. ‘మామ తొక్కమంటే తొక్కు, వదలమంటే వదులు, నోరు మాత్రం తెరవొద్దు’ అని చెప్పి పంపుతున్నాను. వాడి మీద కోపం చేసుకోకు.

నీ జాబు ఇంకొకసారి చదవాలి. అందులో ఏదో ఒక మాట నాకు అడ్డం పడుతోంది. ఏదో తెలియడం లేదు.

జ్ఞానమణి


జమ్మలమడుగు,
30-10-2005, ఆదివారం

జ్ఞానమణికి,

నీ జవాబు రాలేదు. దాని బదులు నీ కొడుకు వచ్చినాడు. అంటే నాకు అర్థమైంది.

చర్చి నుంచి వచ్చేసరికి హెన్రీ మా వాకిట్లో ఉన్నాడు. తెల్ల చొక్కా, కొత్త కారు. నా బండి చుట్టూ తిరిగి సెల్లుఫోనుతో ఫోటోలు తీస్తున్నాడు. ‘ఏమప్పా, ఎందుకీ ఫోటోలు?’ అంటే, ‘ఊరికే మామా, మా ఆఫీసులో చూపిస్తా. ఈ కాలంలో ఇట్లాంటి బండి ఎవరన్నా కొంటారా మామా?’ అని నవ్వినాడు. నన్ను అడగకుండానే లోపల కూర్చుని బ్రేకు తొక్కినాడు. ‘మామా, కాలు నేలకు పోతాండాది. దీంట్లో మా అమ్మను ఎక్కించుకొని పోతావా?’ అన్నాడు.

ఆ పిల్లవాడు నా జీపులో పుట్టబోయి పది నిమిషాల్లో తప్పించుకున్నాడు. ఆ రోజు వాన, వాగు మీద నీళ్లు. ఆ వాగు దాటించినప్పుడు ‘దీంట్లో ఎక్కించుకొని పోతావా’ అని నన్ను ఎవరూ అడగలేదు.

‘దిగు’ అన్నాను. దిగినాడు. ‘పో’ అన్నాను. అన్నం తినకుండానే పోయినాడు. రాహేలమ్మ పదమూడు రోజుల తర్వాత అప్పుడు నోరు తెరిచింది. ‘అన్నం పెట్టకుండా పంపిస్తివి కదా, ఇంతకీ వాడు ఎందుకొచ్చినాడో అడిగినావా’ అనింది. నేను అడగలేదు. అడగాల్సిన పని లేదు. బండికి ధర కట్టడానికి నువ్వు పంపినావు.

ఉద్యోగంలో ఉండగా ఈ బండి కొన్నది నువ్వే. రిటైరైనాక నా చేతికి ఇచ్చింది నువ్వే. తాళం చెవి ఇమ్మంటే ఇచ్చేస్తాను. కానీ ఒకటి విను. పదమూడు సాయంత్రం నేను నీ వాకిట్లో ఉంటాను. బండి నడిస్తే బండిలో వస్తాను. నడవకపోతే బస్సులో వచ్చి నీ పక్క సీట్లో కూర్చుని కర్నూలు దాకా వస్తాను. నీ కొడుకు కారులో నువ్వు పోతే వెనక బస్సులో వస్తాను. ఇచ్చిన మాట నాది, నువ్వు తీసెయ్యలేవు.

బాలస్వామి


కడప,
3-11-2005

అన్నకు,

నా జాబు, నీ జాబు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయినట్టున్నాయి. నాది ఈపాటికి నీకు అంది ఉంటుంది, చదివి ఉంటావు. హెన్రీని తొక్కడానికే పంపాను. నోరు తెరవొద్దని చెప్పాను, తెరిచాడు. నాకు ఫోను చేసి, ‘అమ్మా, తమాషాకు అన్నా, మామ ఇంతెత్తున లేచినాడు’ అని ఏడుపు గొంతుతో చెప్పాడు. నలభై ఏళ్ల వాడు. తిట్టాను. వాడికి నువ్వు అన్నం బాకీ, అది ఎట్లా తీరుస్తావో నాకు తెలియదు.

బండి నీది. ఇంకోసారి తాళం చెవి మాట ఎత్తితే నేను జమ్మలమడుగు రాను.

ఇప్పుడు కోపం పక్కన పెట్టి చదువు. ఇరవయ్యో తేదీ నీ జాబును నాలుగుసార్లు చదివాను. నాకు అడ్డం పడిన మాట దొరికింది. విప్పేటప్పుడు నిపిల్ నీ మొహం ముందు ఉండేదన్నావు, స్టూలు మీద కూర్చునే విప్పావు. ఎక్కించాక దానికోసం నేల మీద పడుకున్నావు. జాకీ దిగిందన్నావు. బండి రాళ్ల మీద కదా ఉంది, జాకీ ఎట్లా దిగుతుంది?

ఏడో తరగతి పిల్లలకు నేను ఒక సీసా చూపించేదాన్ని. నీళ్లు నింపి కాస్త ఖాళీ ఉంచి మూత బిగిస్తే, సీసాను ఎటు తిప్పినా బుడగ పైకే పోతుంది. కింద బెజ్జం పెట్టి వెయ్యిసార్లు నొక్కినా నీళ్లు వస్తాయి, బుడగ రాదు. నీకు సీసా నిండా ఆయిలు వచ్చింది, బ్రేకు మాత్రం దూదిలా ఉంది.

నిపిల్ పైన ఉండాలన్నా. నీది కింద ఉంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు పోయినట్టున్నాయి. కూడిక రోజు వదిన సామాను ఎత్తిందన్నావు. నువ్వు వరండా మెట్టు దగ్గర నిలబడి పెట్టి ఉంటావు. ఆమె గుమ్మంలో నిలబడి తిరిగి పెట్టి ఉంటుంది. నీ ఎడమ ఆమెకు కుడి.

నేను చూడలేదు కాబట్టి తప్పు కావచ్చు. పోయి చూడు. నా మాట తప్పైతే ఏ షరతూ లేకుండా నీ బండి ఎక్కుతాను. ఒప్పైతే వదినను తొక్కమని అడుగు. అడగడం నీకు తెలుసు, మరిచిపోయావంతే.

జ్ఞానమణి


జమ్మలమడుగు,
8-11-2005

జ్ఞానమణికి,

నిపిల్ పైన ఉంది.

ఇప్పుడు పైన ఉంది. అంతవరకే రాస్తాను. నీ జాబు రాకపోయినా ఆ రోజు ఎట్లాగూ చూడబోతున్నాను. జీపు డ్రమ్ములకు ఈ బాధ లేదు, ఎటు పక్కది అటే కూర్చుంటుంది. ఇది రెండు పక్కలా పడుతుంది, పట్టి మోసం చేస్తుంది. అట్లా చేసినోడిని అనాలి.

మళ్లీ విప్పి మార్చి ఎక్కించినాను. తర్వాత వంటింటి గడప దగ్గరికి పోయి నిలబడినాను. రాహేలమ్మ తల ఎత్తలేదు.

‘తొక్కాల’ అన్నాను.

‘ఎవరు?’

‘నువ్వు.’

‘నా కాలు తప్పు కాలు కదా.’

‘కాలు మంచిదే. ఆయిలు పాతది. కొత్తది పోసినా.’

చెయ్యి కడుక్కుని లేచింది. ‘పాట పాడతా. పాడొద్దంటే రాను’ అనింది. ‘పాడు’ అన్నాను. స్టూలు మీద కూర్చునే నిపిల్ తిప్పినాను. మొదటిసారికే ఇంత బుడగ. మూడోసారి చిన్న చిన్నవి, గసగసాల మాదిరి. తొమ్మిదోసారి వట్టి ఆయిలు. ఆమె పాట రెండో చరణంలో ఉండగానే, ‘ఏమయ్యో, కాలు దిగడం లేదే, రాయి మాదిరి ఉండాది’ అనింది. రెండో పక్కా అట్లే. చరణం అయిపోయినా కాలు తియ్యలేదు, నేను ‘వదులు’ అనేదాకా పట్టుకునే ఉంది. అది నేను చూసినాను. చూసినానని ఆమెకు చెప్పలేదు.

ఒక మాట. చాపల సంగతి రాహేలమ్మకు తెలియదు. ఆయిలు చెడ్డదని అనుకుంటోంది. నువ్వు చెప్పొద్దు. ఆమె సర్దింది ప్రార్థన కోసం. గుర్తు పెట్టమని కూడా ఆమే చెప్పింది. పెట్టనిది నేను.

నిన్న గండికోట దాకా పోయి ఆ దిగుడు దారిలో ఆరుసార్లు బ్రేకు కొట్టి చూసినాను. గీత గీసినట్టు నిలబడింది. ఏ పక్కకూ లాగలేదు. దిగి చక్రాలు పట్టుకుని చూసినాను, రెండూ ఒకే వేడి. దారిలో ఆ గ్యారేజీ ముందు కావాలనే ఆపినాను. ఆ మనిషి బయటికి వచ్చి, ‘ఎవరు చేసినారు తాతా?’ అన్నాడు. ‘నీడకు కూర్చున్నోడు’ అని వచ్చేసినాను.

హెన్రీకి చెప్పు, పద్నాలుగున కర్నూలులో వాడి ఇంట్లోనే అన్నం తింటాను. వాడు నా పక్కన కూర్చుని తినాలి.

పదమూడు సాయంత్రం తయారుగా ఉండు. రాహేలమ్మా వస్తోంది.

బాలస్వామి


కర్నూలు,
24-11-2005

అన్నకు, వదినకు,

కట్టు విప్పి మూడు రోజులైంది. డాక్టరు చదవొద్దన్నాడు, అందుకని రాస్తున్నాను. రాయొద్దని చెప్పలేదు.

ఆళ్లగడ్డ దాటాక గొర్రెల మంద అడ్డం పడ్డప్పుడు నువ్వు బ్రేకు వేశావు. నా ఒళ్లో చెంబు ఉంది, నీళ్లు తొణకలేదు. అప్పుడేమీ అనలేదు, నువ్వు పొగడ్తకు పొంగిపోయి రోడ్డు చూడవని. ఇప్పుడు అంటున్నాను. బాగుంది.

వెనక సీట్లో వదిన నా చెవిలో, ‘ఆయిలు చెడ్డదంట వదినా, పాపం నన్ను అన్ని మాటలు అన్నాడు’ అని చెప్పింది. నాలుక కరుచుకుని కూర్చున్నాను. ఈ వయసులో నాతో అబద్ధం ఆడిస్తున్నావు.

ఒకటి అడగాలి. ఆపరేషను రోజు మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉంటే హెన్రీ వాకిట్లో ఉలి చప్పుడు వినిపించింది. చాలాసేపు. హెన్రీని అడిగితే, ‘మామ చక్రాలు ఊడదీసి ఏందో కొడతాండాడు, నేను నోరు తెరవలేదు’ అన్నాడు. ఏం కొట్టావు? బ్రేకులో మళ్లీ ఏమైనా వచ్చిందా? నిజం రాయి.

జ్ఞానమణి


జమ్మలమడుగు,
29-11-2005

చెల్లెలికి,

బ్రేకుకు ఏమీ రాలేదు. వస్తే నీకు చెప్పనా?

నువ్వు లోపల కళ్లు మూసుకుని పడుకున్నావు. నాకు చేసేదేమీ లేదు. నీడకు కూర్చోవడం నాకు చేత కాదు. చక్రాలు తీసి, క్యాలిపర్ల మీద ఉలితో అక్షరాలు కొట్టినాను. ఎడమదాని మీద ‘ఎ’. కుడిదాని మీద ‘కు’. ‘ఎ’ సొట్టగా వచ్చింది. పలక మీద దిద్దించినప్పుడూ నాకు అది సొట్టగానే వచ్చేది, నువ్వు చెరిపి మళ్లీ రాయమనేదానివి. ఇనుము మీద చెరపడం కుదరదు. అట్లనే ఉంటుంది.

రాహేలమ్మ చూసి, ‘నాకు గుర్తెందుకు అంటివి కదా’ అనింది. ‘ఇది నాకు కాదు, నా తర్వాత ఎవరు విప్పుతారో వాళ్లకు’ అన్నాను. హెన్రీ అక్కడే నిలబడి ఉన్నాడు. వాడికి వినపడాలనే అన్నాను.

ఎడమ కంటికి తేదీ ఎప్పుడిస్తారో రాయి. బయలుదేరే ముందు బ్రేకు ఇంకోసారి విప్పి చూస్తాను, తొక్కడానికి వాడిని రమ్మను. నోరు తెరిచినా పర్వాలేదు. నిపిల్ ఎందుకు పైన ఉండాలో చెప్తాను.

విప్పేది మాత్రం నేనే.

నీ అన్న
బాలస్వామి